మీ ఇంట్లో గడిచిన ఆ 43 రోజులు

ప్రశ్న: మేము 2003 నుంచి టెక్సస్‌లో ఉంటున్నాము. మా అబ్బాయి గ్రీన్‌కార్డు వచ్చిన మరుసటి ఏడాది, 2010లో, మా మాట కాదని ఇక్కడి ఆర్మీలో చేరాడు. తొలి శిక్షణ పూర్తయ్యే సమయానికే పౌరసత్వ ప్రమాణం కూడా చేయించారు. 2011 వేసవి నుంచి ఏడాదిపాటు ఆఫ్ఘనిస్థాన్‌లో కాందహార్ వైపు పనిచేశాడు. అక్కడ ఒకసారి వాళ్ళ బండి పక్కనే బాంబు పేలింది. పైకి గాయం లేదని రెండో రోజే డ్యూటీకి పంపారట. తిరిగి వచ్చాక మునుపటి మనిషి కాదు. 2013 వేసవిలో ఎవరికీ చెప్పకుండా బేస్ వదిలి ఇంటికి వచ్చేశాడు. 43 రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. సెలవు మీద వచ్చాడని అందరితో చెప్పాము. చివరికి నేనే కారులో తీసుకువెళ్ళి గేటు దగ్గర అప్పగించి వచ్చాను. అక్టోబరులో ‘అదర్ దాన్ ఆనరబుల్’, అంటే గౌరవప్రదం కాని డిశ్చార్జి ఇచ్చి పంపేశారు. ఆరు నెలలకు అదే మారిపోతుందని అప్పట్లో ఎవరో చెబితే నమ్మి కూర్చున్నాము. ఇప్పుడు గిడ్డంగిలో రాత్రి డ్యూటీ చేస్తున్నాడు, నర్సింగ్ చదవాలని ఉంది, డబ్బు లేదు. డిశ్చార్జి మార్పించుకోమంటే ‘అయిపోయింది నాన్నా, వదిలేయండి’ అంటాడు. మా నాన్నగారు భారత సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యారు. ‘ట్రిబ్యునల్లో కేసు వేయించు’ అని ఊరినుంచి ఫోన్ చేస్తుంటారు. కొన్ని వేల డాలర్లిస్తే తప్పకుండా మార్పిస్తామని ఒకరు అంటున్నారు. వాడి తరఫున నేను దరఖాస్తు చేయవచ్చునా? కదిలిస్తే వాడి పౌరసత్వానికే ముప్పు వస్తుందేమోనన్న భయం కూడా ఉంది. — ఒక తండ్రి, టెక్సస్

సమాధానం:

అన్నిటికంటే ముందు గడువు సంగతి తేల్చుకుందాము, ఎందుకంటే అది మించిపోయి ఉంటే మిగతా మాటల తీరే మారిపోయేది. గడువు మించిపోలేదు. సైన్యం నుంచి విడుదలైన తేదీ మొదలుకొని 15 ఏళ్ళలోపు, డిశ్చార్జిని మార్చమని ఆర్మీ డిశ్చార్జి రివ్యూ బోర్డుకు దరఖాస్తు పెట్టుకునే హక్కును అమెరికా చట్టం మీ అబ్బాయిలాంటి సైనికులకు ఇచ్చింది. 2013 అక్టోబరులో విడుదలైన మీ అబ్బాయికి ఆ హక్కు 2028 అక్టోబరు దాకా ఉంటుంది. అయితే రికార్డులు తెప్పించుకోవడానికీ, వైద్యుల అభిప్రాయాలు సేకరించడానికీ నెలలు పడుతుంది కనుక ఆ చివరి ఏడాదిని లెక్కలోకి తీసుకోకుండా, ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది. ఆరు నెలలకు డిశ్చార్జి దానంతట అదే మారిపోతుందన్నది అక్కడి సైనికుల మధ్య తరతరాలుగా తిరుగుతున్న ఒట్టి పుకారు. అడగనిదే ఏ బోర్డూ ఎవరి కాగితాన్నీ మార్చదు. దాన్ని నమ్మి మోసపోయినవారు మీరొక్కరే కాదు కాబట్టి ఆ సంవత్సరాల గురించి మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు.

రెండవ ప్రశ్నకు జవాబు మీకు రుచించకపోవచ్చు. అతని తరఫున మీరు దరఖాస్తు చేయలేరు. సైనికుడు మరణించినా, స్వయంగా వ్యవహరించలేని స్థితిలో ఉన్నా మాత్రమే కుటుంబ సభ్యులకో చట్టబద్ధ ప్రతినిధికో ఆ అవకాశం ఉంటుంది. మీ అబ్బాయి ఇష్టపడి సంతకం చేయాలి, తన కథను తన మాటల్లో తానే చెప్పుకోవాలి. కానీ ఈ వ్యవహారంలో మీరు చేయగలిగిన పని ఒకటి ఉన్నది. దానిని ఏ వకీలూ చేయలేడు, మీ అబ్బాయి కూడా చేయలేడు. దాని గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది గనుక అంతకుముందు ఆ కాగితంలో ఏముందో చూద్దాము.

అతనికి విడుదల సమయంలో డీడీ 214 అనే పత్రం ఇచ్చి ఉంటారు. దానికి పొట్టి ప్రతి, పూర్తి ప్రతి అని రెండు రకాలున్నాయి. విడుదలకు కారణం, దాని సంకేతాలు పూర్తి ప్రతిలోనే కనిపిస్తాయి కాబట్టి ‘మెంబర్-4’ అని ముద్రించిన ప్రతి మీ దగ్గర ఉన్నదో లేదో వెతకండి. అందులో 24వ గడిలో సేవా స్వభావం, 25 నుంచి 28 వరకు గల గడులలో ఏ నిబంధన కింద, ఏ కారణంగా పంపించారన్నది రాసి ఉంటుంది. మీరు చెప్పిన వివరాలను బట్టి అక్కడ ‘కోర్టు మార్షల్ (సైనిక న్యాయస్థానం) విచారణకు బదులుగా’ అన్న అర్థమిచ్చే మాట ఉండి ఉంటుందని నా ఊహ. ముప్పై రోజులు దాటిన గైర్హాజరీని ఆర్మీ పెద్ద నేరంగా చూస్తుంది. దానిమీద కోర్టు మార్షల్ జరిగితే ఏడాది వరకు జైలు, దానితోపాటు శిక్షగా విధించే డిశ్చార్జి కూడా పడవచ్చు. అందుకని ఆర్మీ నిబంధన 635-200లోని పదవ అధ్యాయం కింద, ‘విచారణ వద్దు, నన్ను పంపించివేయండి’ అని సైనికుడే రాతపూర్వకంగా కోరుకునే పద్ధతి ఒకటుంది. అలా కోరినప్పుడు కనీసం ఒక అభియోగాన్ని ఒప్పుకుంటున్నట్టు, ప్రయోజనాలు పోతాయని తెలిసే అడుగుతున్నట్టు అతనిచేత సంతకం చేయిస్తారు. సాధారణంగా దాని ఫలితం అదర్ దాన్ ఆనరబులే. కాబట్టి ‘వాడే వదిలేసి వచ్చాడు’ అని బంధువులతో ఎవరైనా అని ఉంటే, కాగితం వరకు చూస్తే అది అబద్ధం కూడా కాదు. ఇబ్బంది ఏమిటంటే బోర్డు కూడా అదే మాట అంటుంది, ‘నీ అంతట నువ్వే అడిగి తీసుకున్నావు కదా’ అని. కళ్ళముందు జైలు కనిపిస్తున్న కుర్రవాడు, నిద్ర లేక, తల పనిచేయక ఉన్న స్థితిలో, ఏది అర్థం చేసుకుని సంతకం పెట్టాడన్నది దరఖాస్తులో తప్పక రావలసిన విషయం.

మీ నాన్నగారి సలహా గురించి ఒక మాట. ఆయన చెబుతున్న ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ 2007 నాటి భారత చట్టం కింద ఏర్పడినది. అది మన త్రివిధ దళాలకే గాని అమెరికా సైన్యానికి వర్తించదు. పైగా ఆయనకు తెలిసిన డిశ్చార్జి పుస్తకానికీ, ఇక్కడి డీడీ 214కూ పోలిక తక్కువ. అక్కడి సుబేదారుగారికి డిశ్చార్జి అనే మాట గౌరవంగా ఇంటికి రావడాన్నే సూచిస్తుంది. ఇక్కడ ఆ మాట ముందు చేరే విశేషణమే మనిషి తర్వాతి జీవితాన్ని నిర్ణయిస్తుంది. అన్నట్టు, మనవడికి పెన్షన్ పోయిందేమోనన్న బాధ ఆయనకు ఉంటే, అలాంటిదేమీ పోలేదని చెప్పండి. ఇక్కడ సర్వీసు పెన్షన్ సాధారణంగా 20 ఏళ్ళు పనిచేసినవారికే వస్తుంది. మూడేళ్ళు పనిచేసి ఆనరబుల్‌గా వచ్చినవాడికి కూడా అది ఉండదు.

విశేషణాల వరుస ఇది. అన్నిటికంటే పైన ఆనరబుల్, దాని కింద ‘గౌరవప్రదమైన పరిస్థితుల్లో’ ఇచ్చే జనరల్, ఆ కింద మీ అబ్బాయికి వచ్చిన అదర్ దాన్ ఆనరబుల్. ఈ మూడూ పరిపాలనా పరంగా ఇచ్చేవి. వీటికి దిగువన ఉన్న బ్యాడ్ కండక్ట్, డిసానరబుల్ అనేవి కోర్టు మార్షల్ శిక్షగా విధించేవి. అంటే మీ అబ్బాయి నేరస్థుడిగా శిక్ష పడి బయటికి రాలేదు, ఈ తేడాను అతను కూడా గట్టిగా పట్టుకోవాలి. ఇక చదువు దగ్గరకు వస్తే, 2001 తర్వాత పనిచేసిన సైనికుల చదువుకు డబ్బిచ్చే జీఐ బిల్లుకు ఆనరబుల్ తప్ప మరొకటి పనికిరాదు, జనరల్ కూడా చాలదు. ఒక మెట్టు ఎక్కితే చాలుననుకుని దరఖాస్తులో ‘కనీసం జనరల్ ఇప్పించండి’ అని మాత్రమే అడిగేవారు ఇక్కడే పొరపాటు చేస్తారు. ముందు ఆనరబులే అడగాలి, అది కుదరకపోతే జనరల్ అని ప్రత్యామ్నాయంగా రాసుకోవాలి, విడుదల కారణాన్ని కూడా మార్చమని కోరాలి. మీ అబ్బాయి విషయంలో కలిసివచ్చిన అంశం ఒకటున్నది. 2013 జనవరి 1న గాని ఆ తర్వాత గాని విడుదలైనవారికి ఈ చదువు సహాయం వాడుకోవడానికి ఉన్న 15 ఏళ్ళ గడువును 2017 నాటి చట్టం తీసివేసింది. కనుక డిశ్చార్జి ఎప్పుడు మారినా ఆ సహాయానికి కాలదోషం పట్టదు. ఒకవేళ జనరల్ దగ్గరే ఆగిపోయినా టెక్సస్‌లో ఉన్నందుకు మీకు మరొక దారి ఉన్నది. సైన్యంలో చేరేనాటికి టెక్సస్ వాసియై ఉండి, శిక్షణ కాలం పోను 181 రోజులు పనిచేసినవారికి రాష్ట్ర ప్రభుత్వ కళాశాలల్లో 150 క్రెడిట్ అవర్ల వరకు ఫీజు మినహాయించే హేజిల్‌వుడ్ చట్టం జనరల్ డిశ్చార్జిని కూడా అంగీకరిస్తుంది. నర్సింగ్ డిగ్రీకి అది సరిపోయేదానికంటే ఎక్కువే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2014కు ముందు ఇలాంటి దరఖాస్తు పెడితే చాలావరకు తిరస్కారమే వచ్చేది. ఎందుకంటే అధికారులు తమ పని సక్రమంగానే చేసి ఉంటారని బోర్డు ముందుగానే అనుకుంటుంది, కాదని రుజువు చేసే భారం దరఖాస్తుదారుడిదే. ఆ సంవత్సరం సెప్టెంబరు 3న అప్పటి రక్షణ మంత్రి చక్ హేగెల్, వియత్నాం యుద్ధంలో తానే సామాన్య సైనికుడిగా పోరాడి గాయపడినవాడు, బోర్డులకు ఒక ఆదేశం ఇచ్చాడు. యుద్ధం మనసుకు చేసిన గాయం, అంటే పీటీఎస్‌డీ, వైద్య గ్రంథాలలోకి ఎక్కినదే 1980లో కాబట్టి, అంతకుముందు వియత్నాం నుంచి వచ్చి చెడ్డ డిశ్చార్జి పొందినవారి రికార్డుల్లో ఆ పేరు ఉండే అవకాశమే లేదనీ, అటువంటివారి విషయాన్ని ఉదారంగా పరిశీలించాలనీ దాని సారాంశం. 2017 ఆగస్టు 25న వచ్చిన మరొక ఆదేశం, దానిని జారీచేసిన అధికారి పేరుతో కర్టా మెమో అని పిలుస్తారు, ఆ ఉదారతను అన్ని కాలాల సైనికులకూ వర్తింపజేసి, తలకు తగిలిన అంతర్గత గాయాన్నీ, సైన్యంలో జరిగిన లైంగిక దాడినీ, వేధింపునూ కూడా అందులో స్పష్టంగా చేర్చింది. మీ అబ్బాయి దరఖాస్తు నిలబడినా పడిపోయినా ఈ మెమో మీదనే.

ఆ మెమో ప్రకారం బోర్డు నాలుగు ప్రశ్నలు వేసుకుంటుంది. తప్పును క్షమించడానికో తగ్గించి చూడడానికో వీలిచ్చే రుగ్మతగాని అనుభవంగాని ఈ సైనికుడికి ఉన్నదా? అది సర్వీసులో ఉన్నప్పుడే ఉన్నదా? చేసిన తప్పుకు అది నిజంగా కారణమవుతుందా? కారణమైతే, ఆ తప్పు బరువును మించేటంత బరువు దానికి ఉన్నదా? మొదటి ప్రశ్నకు ఇప్పటి వైద్యుడు సమాధానం చెప్పగలడు. నాలుగవది బోర్డు విచక్షణ. కేసులు ఎక్కువగా చిక్కుకునేది రెండవ ప్రశ్న దగ్గర, మూడవ ప్రశ్న దగ్గర. ‘ఈ రోజు నీకు పీటీఎస్‌డీ ఉండవచ్చు, 2013 వేసవిలో ఉన్నదని ఎలా నమ్మమంటావు? ఉన్నా, నువ్వు పారిపోయింది దానివల్లనా, లేక ఉద్యోగం మీద విసుగు పుట్టా?’ అని వారు అడుగుతారు. సైనికుడి సొంత వాంగ్మూలం ఒక్కటే ఉన్నా రుగ్మత ఉన్నదని తేల్చడానికి చాలవచ్చునని మెమో చెబుతున్నది. అయినా చూసిన మరొక మనిషి చెబితే ఆ మాటకు వచ్చే బలం వేరు.

మీ అబ్బాయి బేస్ వదిలిన 43 రోజులూ మీ ఇంట్లోనే ఉన్నాడు. పార్టీలు చేసుకోలేదు, మరొక ఊళ్ళో ఉద్యోగం వెతుక్కోలేదు, పేరు మార్చుకుని తిరగలేదు. అమ్మానాన్నల ఇంటికి వచ్చాడు. అతను ఆ రోజుల్లో ఎలా ఉన్నాడో ఈ లోకంలో మీ దంపతులకు తప్ప ఇంకెవరికీ తెలియదు, మీ ఇద్దరూ పన్నెండేళ్ళుగా దాచిపెట్టినదీ ఆ రోజులనే. పరువు కోసం బంధువులకు చెప్పని ఆ సంగతులన్నీ ఇప్పుడు బోర్డుకు రాయండి. నేను పైన చెప్పిన, మీరు మాత్రమే చేయగలిగిన పని ఇదే.

ఎలా రాయాలన్నది కూడా చెబుతాను, ఎందుకంటే మన తెలుగు తండ్రులకు కొడుకు గురించి ఉత్తరం రాయమంటే ప్రశంసాపత్రం రాసే అలవాటుంది. ‘మా వాడు చిన్నప్పటినుంచి బుద్ధిమంతుడు, దేశభక్తుడు, దయచేసి కనికరించండి’ అన్న ఉత్తరం వల్ల నష్టం లేదు గాని ఉపయోగమూ లేదు. మీరు కళ్ళారా చూసినవి, చెవులారా విన్నవి, వీలైనంతవరకు తేదీలతో రాయండి. 2010లో చేరకముందు అతను ఎన్ని గంటలు నిద్రపోయేవాడు, ఎవరితో తిరిగేవాడు, ఏమి తినేవాడు. 2012లో తిరిగి వచ్చిన తర్వాత మొదటి సెలవులో ఏమి మారింది. ఆ 43 రోజులలో రాత్రిళ్ళు ఎక్కడ పడుకున్నాడు, తలుపు గొళ్ళెం ఎన్నిసార్లు చూసుకునేవాడు, జులై 4న బాణసంచా కాల్చినప్పుడు ఏమి చేశాడు, తాగాడా, ఎంత తాగాడు, తలనొప్పి అన్నాడా, మాట మధ్యలో మరిచిపోయేవాడా, భోజనానికి కూర్చున్నప్పుడు వీపు గోడవైపు ఉండేటట్టు చూసుకునేవాడా. ఇవన్నీ జరిగాయని నేను అనడం లేదు. జరిగినవి మాత్రమే రాయండి, జరగనివి ఒక్కటి కూడా చేర్చవద్దు, రోగం పేరు మీరు పెట్టవద్దు, ఆ పని డాక్టరుది. వాళ్ళమ్మగారు విడిగా, మీతో సంప్రదించకుండా, తనకు గుర్తున్నది తాను రాయాలి. ఇద్దరి ఉత్తరాలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే రెండింటికీ విలువ తగ్గుతుంది. ఆమెకు తెలుగులో రాయడమే సులువైతే తెలుగులోనే రాయించి, అనువాదం చేసినవారి ధ్రువీకరణతో ఇంగ్లీషు ప్రతిని జతచేయండి.

తర్వాత గేటు దగ్గరకు మీరే తీసుకువెళ్ళిన రోజు. మీరు దానిని కొడుకును అప్పగించిన రోజుగా గుర్తు పెట్టుకున్నట్టు మీ ఉత్తరం చెబుతున్నది. దరఖాస్తులో మాత్రం అది చాలా విలువైన రోజు, ఎందుకంటే పోలీసులు పట్టుకుంటే తిరిగి వెళ్ళడానికీ, తనంతట తాను వెళ్ళి లొంగిపోవడానికీ బోర్డు దృష్టిలో ఎంతో తేడా ఉన్నది. ఆ రోజు ఎన్ని గంటలు ప్రయాణం చేశారో, దారిలో అతను ఏమన్నాడో, గేటు దగ్గర ఎవరితో మాట్లాడారో గుర్తున్నంత రాయండి. ఒక జాగ్రత్త కూడా ఉన్నది. సైన్యం నుంచి పారిపోయినవాడని తెలిసి ఆశ్రయమివ్వడం అమెరికా చట్టంలో నేరమే. ఫెడరల్ నేరాలకు సాధారణంగా ఉండే ఐదేళ్ళ గడువు మీ విషయంలో ఎప్పుడో దాటిపోయింది. అయినా అప్పట్లో మీకు ఏమేమి తెలుసో రాసే వాక్యాలను పంపేముందు వకీలుకు ఒకసారి చూపించండి. భయపడి ఉత్తరం మానుకోవడం మాత్రం వద్దు.

మీ ఉత్తరాల పక్కన నిలవవలసిన మిగతా ఆధారాలు ఇవి. మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్‌కు ఎస్‌ఎఫ్ 180 అనే ఫారం మీద మీ అబ్బాయి సంతకంతో రాస్తే సర్వీసు ఫైలు పంపుతారు, దానికి ఫీజు ఉండదు. వైద్య రికార్డులనూ, విడుదలకు సంబంధించిన పూర్తి కాగితాలనూ పేరుపెట్టి అడగాలి, లేకపోతే డీడీ 214 ఒక్కటే వచ్చి ఊరుకునే ప్రమాదం ఉన్నది. 2013లో విడుదలైనవారి వైద్య రికార్డులు మాజీ సైనికుల వ్యవహారాల శాఖ దగ్గర ఉండవచ్చు, అక్కడా అడగండి. ఆ బాంబు పేలిన రోజు గురించి ఎక్కడైనా నమోదు ఉన్నదా, తర్వాత తలకు పరీక్ష చేశారా, పంపించేముందు మానసిక స్థితి చూశారా అన్నవి ఈ రికార్డుల్లో వెతకాలి. నమోదు లేకపోతే అదే బండిలో ఉన్న తోటి సైనికుల వాంగ్మూలాలు కావాలి. వారిలో ఇద్దరు ముగ్గురితోనైనా మీ అబ్బాయికి ఇప్పటికీ ఫోన్ పరిచయం ఉండే ఉంటుంది. ఆపైన మానసిక వైద్య నిపుణుడి అభిప్రాయం. అది ‘ఇతనికి పీటీఎస్‌డీ ఉన్నది’ అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోకూడదు. సర్వీసు ఫైలు చదివి, 2011-12 అనుభవానికీ 2013 గైర్హాజరీకీ సంబంధం ఎందుకున్నదో, తప్పించుకు పోవడం ఆ రుగ్మత లక్షణాలలో ఒకటి ఎలా అవుతుందో వివరించి ఉండాలి. చివరగా, విడుదలైన తర్వాత అతను ఎలా బతికాడన్నది. 2018 జులైలో వచ్చిన ఇంకొక ఆదేశం ప్రకారం మంచి నడవడి, గడిచిన కాలం, చేసిన తప్పు తీవ్రత వంటివాటిని కూడా బోర్డు లెక్కలోకి తీసుకోవాలి. గిడ్డంగిలో పైఅధికారి ఇచ్చే రెండు పేరాల ఉత్తరం చాలు, పెద్ద మనుషుల సిఫారసులు అక్కరలేదు.

బోర్డు ముందు రెండు రకాలుగా వెళ్ళవచ్చు, కాగితాల మీద పరిశీలన ఒకటి, స్వయంగా హాజరై చెప్పుకోవడం రెండవది. ముందు కాగితాల మీద అడిగి, కాదంటే స్వయంగా హాజరయ్యే అవకాశం ఉంచుకోవచ్చు. ముందే హాజరైతే మాత్రం వెనక్కి వచ్చి కాగితాల పరిశీలన అడగడానికి ఉండదు. డీడీ 293 అనే ఫారం ఇందుకోసమే. ఈ బోర్డు డిశ్చార్జిని పెంచగలదు, ఉన్నది ఉన్నట్టు ఉంచగలదు, అంతకంటే తగ్గించే అధికారం దానికి లేదు. కాబట్టి ‘కదిలిస్తే ఇంకా చెడుతుందేమో’ అన్న భయం డిశ్చార్జి వరకు అనవసరం. ఇక్కడ కాదన్నా, ఆర్మీ రికార్డుల సవరణ బోర్డు అని పైన మరొకటి ఉన్నది. దానికి డీడీ 149 ఫారం. పొరపాటు తెలిసిన మూడేళ్ళలోపు రావాలన్న నియమం ఉన్నా న్యాయం కోసం దానిని సడలించే అధికారం ఆ బోర్డుకు ఉన్నది. అక్కడా కాదంటే ఫెడరల్ కోర్టు. 2019 డిసెంబరు 20న గాని ఆ తర్వాత గాని విడుదలైనవారి కోసం మరొక అప్పీలు బోర్డు పెట్టారు, మీ అబ్బాయి దాని పరిధిలోకి రాడు.

పౌరసత్వం గురించిన మీ భయం అకారణమైనది కాదు, దీనిని దాటవేసే సలహాదారులను నమ్మవద్దు. సైన్యంలో పనిచేస్తున్నందుకు పౌరసత్వం పొందిన వ్యక్తి, మొత్తం ఐదేళ్ళ గౌరవప్రదమైన సేవ పూర్తికాకముందే అదర్ దాన్ ఆనరబుల్ పరిస్థితుల్లో విడుదలైతే, ఆ పౌరసత్వాన్ని రద్దు చేయడానికి వలస చట్టం అవకాశమిస్తున్నది. మీ అబ్బాయి సేవ మూడేళ్ళ పైచిలుకు కాబట్టి ఈ నిబంధన అతనికి వర్తించే వీలున్నది. అయితే రద్దు అనేది కార్యాలయంలో ఎవరో గీత గీస్తే జరిగేది కాదు, ప్రభుత్వం ఫెడరల్ కోర్టుకు వెళ్ళి గెలవాలి. ఇంకొక కోణం నుంచి చూస్తే, ఈ ప్రమాదం ఆ డిశ్చార్జి ఉన్నంతకాలం ఉంటుంది, అది జనరల్‌కో ఆనరబుల్‌కో మారితే ఆ నిబంధనకు ఆధారమే సడలుతుంది. అందుచేత కదిలించకుండా ఉండడమే క్షేమమన్న లెక్క నాకు సరైనదిగా తోచడం లేదు. అయినా ఈ విషయంలో తొందరపాటు వద్దు. దరఖాస్తు పంపేముందు, ముఖ్యంగా తాగుడు గురించో మత్తు పదార్థాల గురించో అతను రాసుకునే వాక్యాలు పంపేముందు, సైనిక వ్యవహారాలు తెలిసిన వలస న్యాయవాదికి ఫైలు మొత్తం చూపించి తీరాలి. ఖర్చు పెట్టదలచుకుంటే ఈ ఒక్క సంప్రదింపుకు పెట్టండి.

వేల డాలర్లు అడిగిన పెద్దమనిషికి మాత్రం పెట్టవద్దు. దరఖాస్తుకు ఫీజు లేదు. ‘తప్పకుండా మార్పిస్తాను’ అని చెప్పగల మనిషి ఈ దేశంలో ఎవరూ లేరు. బోర్డు సభ్యులు కూడా ముందుగా చెప్పలేరు. టెక్సస్‌లో కౌంటీల్లో మాజీ సైనికుల సేవాధికారులు ఉంటారు, వారి సాయం ఉచితం. న్యాయ కళాశాలల్లో మాజీ సైనికుల కోసం నడిపే ఉచిత క్లినిక్కులు కూడా ఇలాంటి కేసులు తీసుకుంటాయి. కేసును తీసుకునేముందు వారు చాలా ప్రశ్నలు వేస్తారు, నెలల తరబడి ఆగమంటారు. అది నిర్లక్ష్యం కాదు, ఒక్క కేసుకు పట్టే శ్రమ అంత ఉంటుంది.

ఫలితం గురించి మీకు తప్పుడు ఆశ పెట్టలేను. ముందుగా ఆలోచించి పథకం వేసి చేసిన తప్పును రుగ్మత మీద తోసివేయడానికి బోర్డులు సులభంగా ఒప్పుకోవు. మీ అబ్బాయి వెళ్ళింది ఏ స్థితిలోనన్నది తేలకపోతే 43 రోజులన్నది వారి కళ్ళకు పెద్ద సంఖ్యగానే కనిపిస్తుంది. మరోవైపు యుద్ధరంగంలో ఏడాది, బాంబు దెబ్బ, అంతవరకు మచ్చలేని సర్వీసు, తనంతట తాను తిరిగి రావడం, పన్నెండేళ్ళ నిలకడైన ఉద్యోగం, ఇవన్నీ ఒకచోట ఉన్న ఫైలు బలహీనమైనది కాదు.

దరఖాస్తుతో సంబంధం లేకుండా వెంటనే చేయవలసినది ఒకటున్నది. మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, అంటే వీఏ, అదర్ దాన్ ఆనరబుల్ డిశ్చార్జి ఉన్నవారి అర్హతను తాను విడిగా నిర్ణయిస్తుంది. యుద్ధ ప్రాంతంలో పనిచేసి, వంద రోజులకు మించి సర్వీసు ఉన్న అదర్ దాన్ ఆనరబుల్ సైనికులకు మానసిక ఆరోగ్య పరీక్ష, చికిత్స ఇవ్వాలని 2018 నుంచి చట్టమే ఉన్నది. ‘నీకు అర్హత లేదు’ అని కౌంటరు దగ్గర ఎవరైనా నోటిమాటగా అంటే వెనక్కి రావద్దు, దరఖాస్తు తీసుకుని రాతపూర్వకంగా నిర్ణయం ఇమ్మనండి. పన్నెండేళ్ళ తర్వాత కూడా ‘వదిలేయండి నాన్నా’ అంటున్న మనిషికి రాత్రి నిద్ర ఎలా ఉందో మీరు ఈ మధ్య అడిగారా? 988కి ఫోన్ చేసి 1 నొక్కితే మాజీ సైనికుల కోసమే ఏర్పాటుచేసిన అత్యవసర సహాయ కేంద్రం ఏ వేళనైనా పలుకుతుంది. కుటుంబ సభ్యులు కూడా దానితో మాట్లాడవచ్చు. ఆ సంఖ్య మీ ఫోన్లో ఉంచుకోండి.

ఇక అతన్ని ఒప్పించడం. ఫారాలు ముందు పెట్టి సంతకం చేయమనకండి. మీరూ వాళ్ళమ్మగారూ రాయవలసినది ముందు రాసేయండి, అతను చదవడానికి ఇవ్వండి. ఆ 43 రోజులలో మీరు ఏమి చూశారో అతనికి ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. చదివి అతను సరేనంటే మొదట వెళ్ళవలసింది ఎస్‌ఎఫ్ 180. కాదంటే ఆ కాగితాలను తేదీవేసి, సంతకం చేసి జాగ్రత్తపెట్టండి. 2028 అక్టోబరు దాకా అతను మనసు మార్చుకోవచ్చు, ఈలోగా మీ జ్ఞాపకాలు మసకబారినా కాగితం మీద ఉన్నవి ఉంటాయి.